ముందు బోర్డు, తర్వాతే బడి

బోర్డు తిప్పేసిన చిట్‌ఫండ్ కంపెనీలు తెలుగువాళ్లకు కొత్త కాదు. బోర్డు కట్టేదాకా పైసా రాల్చని కంపెనీని చూడాలంటే మాత్రం ఢిల్లీ వెళ్లాలి. దాన్ని కేంద్ర విద్యాశాఖ అంటారు.

కేరళ తంతు చూశారుగా. ఏళ్ల తరబడి ససేమిరా అన్న ప్రభుత్వం 2025 అక్టోబరులో కేంద్రం వారి పీఎంశ్రీ బడుల పథకం కాగితం మీద గుట్టుచప్పుడు కాకుండా సంతకం పెట్టింది. మాటమాత్రమైనా చెప్పలేదని మిత్రపక్షం సీపీఐ అలిగింది. 29వ తేదీకల్లా ముఖ్యమంత్రి పినరయి విజయన్ ఆ ఒప్పందాన్ని పక్కనపెట్టి, పరిశీలనకు మంత్రివర్గ ఉపసంఘం వేశారు. అసలు సంతకం ఎందుకు పెట్టారయ్యా అంటే విద్యామంత్రి శివన్‌కుట్టి చెప్పింది ఒకటే: బడులకు కేంద్రం ఇచ్చే సమగ్ర శిక్షా డబ్బు ఆగిపోయింది, వేరే దారి లేదు. పథకం బాగుందని ఆయన అనలేదు. అనాలని ఢిల్లీ కూడా అడగలేదు. సంతకం పడిందా, బోర్డు లేచిందా, అంతవరకే దాని పట్టింపు.

2022లో వచ్చిన ఈ పథకం కింద దేశం మొత్తం మీద పద్నాలుగున్నర వేల బడుల్ని ఎంచి ఐదేళ్లలో 27,360 కోట్లు ఖర్చు పెడతారు. ఎంపికైన బడి పేరుకు ముందు 'పీఎంశ్రీ' అని చేర్చాలి. మండలానికి మించితే రెండు బడులు. ఆ రెండు బోర్డులకూ రాష్ట్రం ఒప్పుకోకపోతే మిగతా బడులన్నిటికీ, అసలు బడి మొహమే చూడని పిల్లలకూ వెళ్లాల్సిన సమగ్ర శిక్షా నిధులు నిలిచిపోతాయి.

ఇంత మహిమ గల బోర్డును బడి గేటు దగ్గరే వదిలేయడం అన్యాయం కాదూ? లోపలికి తేవాలి. హాజరు పట్టీలో 'పీఎంశ్రీ అప్పలనాయుడు' అని పిలిస్తేనే వాడు పలకాలి. ఎక్కాల పుస్తకంలో ఆరు రెళ్లు పీఎంశ్రీ పన్నెండు కావాలి. ఉత్త పన్నెండు అని రాసినవాడికి మార్కు ఇవ్వొచ్చుగానీ, నిధి ఇవ్వకూడదు. మధ్యాహ్న భోజనానికి ఆ బెంగ లేదు. 2021లోనే అది పీఎం పోషణ్ అయిపోయింది. అన్నం మెతుకులకు విడివిడిగా పేర్లు పెట్టడమే మిగిలింది. రెండో తరగతి పాఠం ఐదో తరగతి పిల్లల్లో చాలామంది చదవలేకపోతున్నారని సర్వేలు పదేపదే పోరుపెడుతుంటాయి కదా, ఆ గొడవకూ ఇందులో మందుంది. ఇకమీదట పిల్లలు పాఠం చదవగలరా అని చూడొద్దు, బోర్డు చదవగలరా అని చూస్తే చాలు. చదవలేకపోతే అక్షరం సైజు పెంచుకోవచ్చు.

ఒక్కచోట మాత్రం చిక్కుంది. గోడ లేని బడికి బోర్డు ఎక్కడ కొట్టాలి?

అలాంటి బడులు ఉత్త ఊహ కాదు. ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని ఏటా వేల ఒడియా కుటుంబాలు పెద్దపల్లి, తిరువళ్లూరు ఇటుక బట్టీలకు వస్తాయి. దసరా దాటాక రైలెక్కితే మళ్లీ ఊరు చూసేది ఎండాకాలం చివర్లోనే. అమ్మానాన్నలు ఇటుక కోస్తే పిల్లలు ఎండిన వైపు నుంచి ఎండని వైపుకు తిప్పుతారు. అలాంటి పిల్లల కోసం బట్టీ దగ్గరే ఒక షెడ్డు, ఒక టీచరు, ఒడియా వాచకాలు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేది వీళ్ల గురించే: బడి బయట ఉండిపోయిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడినదంతా అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మూడు నెలలకు తగ్గకుండా, రెండేళ్లకు మించకుండా అని ఆ చట్టం కింది నియమాలు గడువు పెట్టాయి.

ఇప్పుడా షెడ్డుకు ఢిల్లీ నుంచి తనిఖీ అధికారి వచ్చాడనుకుందాం. తాటాకు కప్పు, నాలుగు వెదుళ్లు, మేకు దిగే చోటే లేదు. ఆయన తెలివైనవాడు. పిల్లల్లో ఇద్దర్ని నిలబెట్టి బోర్డు పట్టుకోమంటాడు. గంటకోసారి జత మారాలి. బోర్డు పట్టుకుంటే పలక ఎట్లా పట్టుకుంటారు సార్ అని టీచరు నసుగుతుంది. చేస్తూ నేర్చుకోవడమంటే ఇదేనమ్మా, పీఎంశ్రీతో పాటు వచ్చే 2020 జాతీయ విద్యా విధానం చదవలేదా అంటాడాయన. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాల సంచి లేని రోజులు పది ఉండాలని కూడా ఆ విధానంలోనే ఉంది. ఈ పిల్లలకు ఏడాది పొడుగునా అవే కాబట్టి అందరికన్నా ముందు విధానాన్ని అమలుచేసింది బట్టీయేనని రాసుకుని, టీ తాగి, ఆయన వెళ్లిపోతాడు.

బోర్డు పిచ్చి ఢిల్లీ సొత్తేం కాదనుకోండి. ఆంధ్రలో అదే అన్నం నిన్న జగనన్న గోరుముద్ద, ఇవాళ డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. అయితే పేరు మార్చడానికీ, పేరు పెట్టలేదని పద్దు ఆపేయడానికీ చాలా తేడా ఉంది. 2024-25లో తమిళనాడుకు ఇలా ఆగింది 2,152 కోట్లు. 2024 సెప్టెంబరులో అక్కడి సమగ్ర శిక్షా సిబ్బందికి జీతాలు ఆలస్యమయ్యాయి. కేరళకు ఆగింది 859.63 కోట్లు, బెంగాల్‌కు వెయ్యి కోట్ల పైమాటే. ఈ లెక్కలు ప్రతిపక్షాల కరపత్రంలోవి కావు. దిగ్విజయ్ సింగ్ నేతృత్వంలోని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025 మార్చిలో ఇచ్చినవి. ఒక పథకంలో చేరలేదని ఇంకో పథకం డబ్బు ఆపడం సమర్థనీయం కాదని కూడా ఆ సంఘమే చెప్పింది. విద్యాహక్కు చట్టం కింద ఇవ్వాల్సిన వాటాకు కొత్త విద్యా విధానంతో ముడిపెట్టాల్సిన పనిలేదని అదే ఏడాది జూన్‌లో మద్రాసు హైకోర్టూ అన్నది. తమిళనాడు ఈ గొడవను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది.

రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. పీఎంశ్రీ మొత్తాన్ని బడుల సంఖ్యతో భాగిస్తే ఐదేళ్లలో ఒక్కో బడికి సగటున 1 కోటి 88 లక్షల పైచిలుకు. బట్టీ పిల్ల ప్రత్యేక శిక్షణకు, హాస్టల్ లేకపోతే, సమగ్ర శిక్షా ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం 6,000 రూపాయలు. నెలకు ఐదొందలు. టీచరు, పలక, పుస్తకం అన్నీ అందులోనే. ఆ కోటీ ఎనభై ఎనిమిది లక్షల బడి తాలూకు బోర్డు కోసం ఈ ఐదొందలున్న పద్దును తాకట్టు పెట్టుకున్నారు!

ఇక్కడ నవ్వు రావడం లేదు. 1988 నుంచి బాలకార్మికుల కోసం విడిగా ఒక జాతీయ ప్రాజెక్టు ఉండేది. దానికి ప్రత్యేక బడులుండేవి, పిల్లకు నెలకు 400 స్టైపెండ్ ఉండేది. 2021 ఏప్రిల్ నుంచి దాన్ని తీసుకెళ్లి సమగ్ర శిక్షాలో కలిపేశారు. పార్లమెంటులో ఎవరు అడిగినా ఇచ్చే జవాబు అదే, కలిపేశాం అని. కలిపినవాళ్లే ఇప్పుడు ఆ తలుపుకు తాళం వేసి, తాళంచెవి సంతకం పెట్టినవాళ్లకే ఇస్తామంటున్నారు. ఇటుక తిప్పే పిల్ల ఎవరికి ఓటేసింది? ఏ ఒప్పందం కాదంది? కొత్త విద్యా విధానంలోని త్రిభాషా సూత్రం మీద తన అభిప్రాయం ఎవరికి చెప్పింది? ఆ పిల్లకు చదువు ఇవ్వాలన్నది దేశం 2009లో చేసుకున్న చట్టం. మంత్రిగారి దయ కాదు. రాష్ట్రాన్ని లొంగదీయడానికి పిల్లల పద్దును పట్టుకోవడం సమాఖ్య రాజకీయం అనిపించుకోదు, బెదిరింపు వసూలు అనిపించుకుంటుంది. దాన్ని ఆ పేరుతోనే పిలవాలి.

సమగ్ర శిక్షాకు పెట్టిన గడువు 2026 మార్చి 31. తిరువనంతపురంలో గొడవ ఉపసంఘానికి చేరింది, ఢిల్లీలో సుప్రీంకోర్టుకు చేరింది. బొలంగీర్‌లో అడ్వాన్సులు మాత్రం పంచేశారు.