శాలువా కప్పుకున్న పుస్తకం

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మన ఊళ్ల శాఖా గ్రంథాలయాలకు పండగ. మామిడి తోరణాలు, ముగ్గుల పోటీ, వక్తృత్వ పోటీ, కవి సమ్మేళనం, మధ్యలో ఎక్కడో ఒక పుస్తక సమీక్ష. పుస్తకంతో పనిలేకుండా సమీక్ష నడిపే విద్యలో మనవాళ్లది అందెవేసిన చెయ్యి. అధ్యక్షులవారు అట్ట చూసి మాట్లాడతారు, ముఖ్య అతిథి ముందుమాట చూసి మాట్లాడతారు, ఆత్మీయ అతిథి ఆ ఇద్దరూ అన్నది విని మాట్లాడతారు. సమయాభావం వల్ల లోతుల్లోకి వెళ్లడం లేదని ముగ్గురూ విన్నవించుకుంటారు. శాలువాలకు మాత్రం సమయాభావం ఉండదు. పుస్తకం చదివినవాడు సభలో ఒక్కడే, రచయిత. ఆయనకు 'స్పందన' పేరిట చివర రెండు నిమిషాలు ఇస్తారు, అప్పటికి మైకువాడు వైర్లు చుట్టేస్తుంటాడు. ఇంతకీ వేదిక మీది కుర్చీలు ఎక్కడివంటారు? పోటీ పరీక్షలకు పొద్దున్నుంచీ కూర్చుని చదువుకునే కుర్రాళ్లవి. పఠనాభిరుచి పెంచే సభకు స్థలం చాలక, ఊళ్లో చదువుతున్న ఆ నలుగురినీ బయటికి పంపిస్తారు.

సభ వంకతోనైనా జనం గ్రంథాలయం గడప తొక్కుతారు కదా అంటారు. తొక్కుతారు, టీ తాగి వెళతారు. వాళ్లలో ఎందరు సభ్యత్వం కట్టారో, ఎన్ని పుస్తకాలు ఇంటికి వెళ్లాయో మర్నాడు రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది, అందుకే దాన్ని ఎవరూ తెరవరు. సభలు వద్దని కాదు. మన గ్రంథాలయోద్యమం పుట్టిందే సభలో. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు కలిస్తే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట పాఠకుల దగ్గరికే నడిపించారు. ఆ పడవలో ఎన్ని శాలువాలు పట్టేవో చరిత్ర రాయలేదు. ఇప్పటి సభ చదవకుండానే చదివిన పేరు తెచ్చిపెట్టే సులువైన మార్గం, అందుకే ఎంత నడిచినా బీరువా తాళం ఊడదు.

నిధుల్లేవు, మేమేం చేస్తామన్నది ఇంకో మాట. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన మునిసిపాలిటీలు, పంచాయతీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చెయ్యవన్నది ఏళ్లనాటి ఫిర్యాదు. ఆ బాకీ తీర్చవలసిన పెద్దలే వేదిక నడుమ కూర్చుని పుస్తకం హస్తభూషణమని సెలవిస్తారు. బాకీ సంగతి అడగడానికి మళ్లీ సమయాభావమే అడ్డొస్తుంది.

నిర్వాహకులకు ఒక మనవి. ఈ నవంబరులో ఒక్క సభకైనా, ఆహ్వానపత్రంతో పాటు పుస్తకాన్నీ నెల ముందే వక్తల చేతిలో పెట్టండి. చదివినవాళ్లే వేదిక ఎక్కాలని షరతు పెట్టండి. కుర్చీలు బోలెడు మిగులుతాయి. వాటిని ఆ కుర్రాళ్లకు తిరిగి ఇచ్చేయండి.