జానెడు మడ, బారెడు గొప్పలు

నిజామాబాద్ జిల్లాకు సముద్రం లేదన్న లోటు తీరిపోయింది. బోధన్‌లో మా చుట్టాల పిల్లవాడొకడు హాల్లో టీవీ పక్కన మూడు వందల లీటర్ల సముద్రం దింపాడు. అందులో చారల చేపలు, పగడాలు, నీళ్ల పైకి తలెత్తిన ఒక మడ మొక్క. దాన్ని ఊరికే పెరగనివ్వడు. కొమ్మలకు అల్యూమినియం తీగ చుట్టి, చిగురు కనిపిస్తే గిల్లి, బోన్సాయ్ చేశాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. ముచ్చట కోసం పెట్టానని చెప్పి ఊరుకుంటే నాకు ఈ వ్యాసం రాసే పని తప్పేది.

"ఇది షోకు చెట్టు కాదు కాకా. నీళ్లల్ల నైట్రేట్ గుంజుకొని సాఫ్ చేస్తది. మడ అడవులను కాపాడినట్టు గూడ అయితది" అన్నాడు. ఈ మాటలు వాడు కనిపెట్టినవేం కావు. అమెరికాలో సముద్రపు తొట్లు పెట్టుకునేవాళ్లు ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్నవే; మొక్కలు అమ్ముకునేవాళ్లు ఇంకాస్త గట్టిగా చెబుతారు.

నైట్రేట్ లెక్క చూద్దాం. చేపలకు రోజుకు గ్రాము మేత వేశాడనుకోండి. అందులో నలభై శాతం పైచిలుకు ప్రొటీన్, అంటే దాదాపు 70 మిల్లీగ్రాముల నైట్రోజన్. చేప ఒంటికి పట్టింది తీసేసినా యాభైకి తక్కువ కాకుండా నీళ్లలో కలుస్తుంది. మడ ఆకును ఎండబెట్టి చూస్తే నైట్రోజన్ నూటికి ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటుంది. ఎండిన ఆకు గ్రాము తూగిందన్నా పది పదిహేను మిల్లీగ్రాములు. అంటే చేపలు ఈ రోజు చేసిన మురికిని ఈ రోజే తీసెయ్యాలంటే ఆ మొక్క రోజూ నాలుగైదు కొత్త ఆకులు వెయ్యాలి. తొట్టిలోని మడ నెలకు ఒక జత ఆకులు వేస్తే ఇంటిల్లిపాదీ ఫోటోలు దిగుతారు.

పైగా మొక్క నీళ్లను శుభ్రం చేసేది పెరిగి మాత్రమే. పీల్చుకున్న నైట్రోజన్‌తో ఆకు, కొమ్మ, వేరు కట్టుకోవాలి. బోన్సాయ్ విద్య అంతా ఆ పెరుగుదలను ఆపడంలోనే ఉంది. మూతి కుట్టేసి, పెండ్లి భోజనమంతా నువ్వే తినాలని పంక్తిలో కూచోబెడితే ఎట్లుంటుందో ఇదీ అట్లాగే ఉంది. కత్తిరించిన ఆకులతో కొంత నైట్రోజన్ బయటికి పోతుంది కదా అంటారు. పోతుంది. రెండు నెలలకు నాలుగు ఆకుల మందం. నిజంగా శుభ్రం చేసేవి నురగ తీసే స్కిమ్మర్, వారం వారం నీళ్లు మార్చడం, పీచులా అల్లుకునే ఆకుపచ్చ నాచు. ఆ నాచు దీపం కింద దబదబా పెరుగుతుంది, పిడికిళ్లకొద్దీ తీసి పారెయ్యొచ్చు. కానీ నాచు పెంచుతున్నానని చుట్టాలకు చెప్పుకుంటే ఏం గౌరవం?

కత్తెర సంగతికొస్తే, ఇక్కడ చెరుకు రైతుకు తెలిసిన విద్య పనికిరాదు. చెరుకు నరికితే మోడు నుంచి పిలకలొస్తాయి, కార్శి తోట లేస్తుంది. ఆ నమ్మకం మీదనే ఈ తాలూకా బతికింది. మావాడి తొట్టిలోది గోదావరి డెల్టాలోని కోరింగలో ఉప్పు పొన్న అని పిలిచే మడ. దానికి ఆ గుణం లేదు. ఆకులున్న లేత కొమ్మ మీద కోస్తే చిగురేస్తుంది. ఆకుల్లేని ముదురు కొయ్య దాకా కోస్తే ఆ కొమ్మ అంతటితో సరి. తెల్ల మడ, నల్ల మడ అయితే నరికినా చిగురిస్తాయి. మరి అవే ఎందుకు పెట్టరు? వాటి ఊపిరి వేళ్లు బురదలోంచి పొడుచుకొని పైకి లేస్తాయి, ఫోటోకు రంజుగా ఉండవు. ఉప్పు పొన్నకైతే కొమ్మల కింద వేళ్లు వంపులు తిరిగి నీళ్లలోకి దిగుతాయి. అందుకని కత్తెరను ఓర్చుకునే మడను వదిలేసి, ఓర్చుకోని మడకే కత్తెర పెడతారు.

ముదురు కొయ్య దాకా కొయ్యడం మా బోధన్‌కు జపాన్ వాళ్లు వచ్చి నేర్పాలా? 1937లో పెట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. శక్కర్‌నగర్ అనే ఊరే దాని చుట్టూ లేచింది. వేల ఎకరాల సొంత చెరుకు తోటలుండేవి. ముందు తోటలు కత్తిరించారు. 2002లో యాజమాన్యాన్ని ప్రైవేటుకు వంచారు. 2015 డిసెంబర్‌లో తాళం వేశారు. అప్పటి నుంచి ఎన్నికలొచ్చినప్పుడల్లా చిగురు కనిపిస్తోందని ఎవరో ఒకరు వచ్చి చూపిస్తారు. మేమూ మెడలు చాచి చూస్తాం.

తొట్టి ఖర్చు నేనడగలేదు, కంటికి కనిపించేదే చెబుతాను. లీటరుకు 35 గ్రాముల చొప్పున మూడు వందల లీటర్లకు పది కిలోల పైన సముద్రపు ఉప్పు, అదీ ప్యాకెట్లలో. ఆర్.ఓ. నీళ్లు, ఆ యంత్రం మోరీలోకి వదిలే నీళ్లు వేరే. మా దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు తాకుతుంది. పగడానికి ముప్పై దాటితేనే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి సముద్రానికి చిల్లర్, చిల్లర్‌కు ఇన్వర్టర్. ఆకుల మీద ఉప్పు పేరుకోకుండా రోజూ మంచినీళ్లు చల్లడం వాళ్లమ్మ డ్యూటీ. కోరింగలో ఆ పని వాన చేస్తుంది, జీతం లేకుండా.

రాతి పగడాలను 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులి ఉన్న షెడ్యూల్ అది. ఆ సంగతి చెబితే "నావి మెత్తటివే కాకా" అన్నాడు. మూలకు గట్టిగా, మెదడు ఆకారంలో ఉన్నదేందిరా అంటే చేపలకు మేత టైమైందని లేచాడు.

ఇక మడను కాపాడే ముచ్చట. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు. 1839 తుపాను కోరింగ రేవునే తుడిచిపెట్టేసిన తీరమది. అక్కడి ప్రజలకు మడ అంటే అలకు అడ్డం నిలిచే గోడ, రొయ్య పిల్లకూ పీతకూ పురిటిల్లు. ఆ అడవికి కావల్సింది రెండే: నది తెచ్చే మంచినీళ్లు, నది తెచ్చే బురద. రెండింటి తాళంచెవిలో కొంత భాగం మా జిల్లా చేతిలోనే ఉంది. బోధన్ నుంచి బండేసుకొని పోతే గంట లోపే కందకుర్తి. మంజీర, హరిద్ర కలిసే ఆ చోటనే గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. అడుగుపెట్టి ఎంతో దూరం పోకముందే పోచంపాడు దగ్గర ఆగుతుంది.

అక్కడి శ్రీరాంసాగర్ ఆనకట్టను 112 టీఎంసీలకు కట్టారు. ఇప్పుడు పట్టేది 80 చిల్లర. ముప్పై టీఎంసీల చోటును పూడిక మింగింది. మంజీర తెచ్చే మట్టి అంతకన్నా ముందే నిజాంసాగర్‌లో దిగుతోంది. గోదావరి డెల్టా తీరం కోసుకుపోవడానికి ఆనకట్టల వెనక ఆగిన మట్టి పెద్ద కారణమని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎప్పుడో రాశారు. ఇక్కడి వరికి, చెరుకుకు, పసుపుకు నీళ్లు కావాలి, ఆనకట్ట తప్పని నేననను; నేను తినేదీ ఆ నీళ్ల తిండే. అయితే కోరింగ మడకు చెందాల్సిన బురదను ఇక్కడ జిల్లాకు జిల్లా అట్టిపెట్టుకొని, టీవీ పక్కన ఒక మొక్కకు తీగ చుట్టి పర్యావరణ పరిరక్షణ అంటే మాత్రం నవ్వొస్తుంది. అంత పట్టింపే ఉంటే పోచంపాడు పూడిక మీద ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. పది రూపాయల ఫీజు. పది కిలోల ఉప్పు కన్నా చవక, చిల్లర్ అక్కర్లేదు, ఆకుల మీద నీళ్లు చల్లే పని కూడా ఉండదు.