సగం పేపరు బాబాయి

స్కైలాబ్ రోజుల్లో మన ఊళ్లలో వీధికొక బాబాయి ఉండేవారు. వరసకు ఎవరికీ ఏమీ కాకపోయినా ఊరందరికీ బాబాయే. టీ కొట్టు బల్ల మీద ఒక కాలు మడిచి కూర్చుని, పేపరు మొదటి పేజీ చదివి, లోపలి పేజీ తిప్పకుండానే కళ్లజోడు తీసి జేబులో పెట్టేసేవారు. చదివింది చాలు, ఇక చెప్పాలి కదా! ఆయన్ని మూఢనమ్మకాల మనిషని తీసిపారేయడం మనకు అలవాటు. అది ఆయనకు చేసే అన్యాయం. ఆయన చెప్పే అబద్ధాల్లో చాలావాటి వెనక ఓ నిజం ఉండేది. ఆ నిజానికి రెండో సగం కూడా ఉంటుందన్నదే ఆయనకు పట్టేది కాదు. ఊళ్లను హడలగొట్టింది ఏమీ తెలియకపోవడం కాదు, సగం తెలియడం. అందుకు బాబాయే సాక్ష్యం.

1979 జులై సంగతే చూడండి. 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ అదుపు తప్పి కిందికి వస్తోందన్నది నిజం. ఎక్కడ పడుతుందో నాసా కూడా కచ్చితంగా చెప్పలేకపోయిందన్నదీ నిజమే. దాని ముక్క ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసా లెక్కకట్టింది. బాబాయి అక్కడిదాకా చదివారు. ఆ ‘ఎవరో ఒకరు’ భూమ్మీది 400 కోట్ల పైచిలుకు జనంలో ఎవరైనా కావచ్చు. ఫలానా మనిషి నెత్తినే పడే అవకాశం 60 వేల కోట్లలో ఒక వంతు. అదీ నాసా లెక్కే. కానీ అది కూడా చెబితే టీ కొట్టు దగ్గర జనం నిలబడతారా? అంచేత 152 ఊళ్లోకి వచ్చింది, 60 వేల కోట్లు లోపలి పేజీల్లోనే ఉండిపోయింది. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని మేకల్నీ కోళ్లనీ కోసుకు తిన్న కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బాబాయిలు తమ కోళ్లను కోసిన కథలు మాత్రం ఎక్కడా వినబడవు. ఆ నెల 11న స్కైలాబ్ తునాతునకలై హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. తమ నేల మీద చెత్త పోసినందుకు అక్కడి ఎస్పెరాన్స్ స్థానిక పాలకులు నాసాకు సరదాగా 400 డాలర్ల జరిమానా రాశారు. బాబాయికి జరిమానా రాసేవాళ్లెవరూ లేరు. మన మీద పడి ఉంటే ‘నేను చెప్పలా?’ అనేవారు, పడలేదు గనక ‘గండం గడిచింది’ అన్నారు. ఎటు తిరిగినా ఆయన మాటే నెగ్గింది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం పూర్తిగా పట్టే దారిలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల–రంగాపూర్ వేధశాల ఉండటంతో శాస్త్రవేత్తలు అక్కడికి తరలివచ్చారు. అదే వేళకు మన వీధులు మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. ఇక్కడా బాబాయి చెప్పింది సగం నిజమే. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి లోపలి రెటీనా కాలిపోతుంది. నొప్పి కూడా తెలియదు. కానీ సూర్యబింబం పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది క్షణాలూ మామూలు కళ్లతోనే చూడొచ్చని, పెంకుల్లోంచి దూరి గర్భిణిని పట్టుకునే కిరణాలూ, ఆవకాయ జాడీ మూతలోంచి దిగే విషాలూ గ్రహణానికి లేవని ఆయన చదవలేదు. ఆయన మాట మీద జాడీల మీద దర్భలు చేరాయి, తలుపులు బిగుసుకున్నాయి. మళ్లీ తమ జన్మలో చూడలేని దృశ్యం ఇంటి కప్పు మీదే జరుగుతుంటే ఊళ్లకు ఊళ్లు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి.

ఇదంతా చదువులేనితనం వల్లే కదా అనొచ్చు. చదువు రానివాళ్లకు నాసా పేరు ఎవరు చెప్పారు మరి? చదువుకున్న బాబాయే. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న కబురు ఢిల్లీలో తెల్లవారుతూనే పుట్టి, టెలిఫోన్లెక్కి అదే రోజు లండన్ దాకా పోయింది. అంత దూరం ఫోన్లు చేసుకున్నవాళ్లు నిశానీలు కారు. పైగా చెంచాలో పాలు తగ్గడం నిజం, చూసినవాళ్లు అబద్ధమాడలేదు. తలతన్యత వల్ల విగ్రహాన్ని తాకిన పాలు చెంచాలోంచి పైకి లాగబడి, సన్నని పొరలా రాతి మీంచి కిందికి జారాయి. పాలలో రంగు కలిపి శాస్త్రవేత్తలు ఆ పొరను కళ్లకు కట్టించారు. బాబాయి చెంచా చూశారు గానీ విగ్రహం పాదాల దగ్గర తడి చూడలేదు. మరి దయ్యం రాకుండా తలుపుల మీద రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’లో ఏ సగం నిజం ఉందని అడగవచ్చు. నిజమేమీ లేదు, అక్కడ ఆయన రెండో ఆయుధం బయటికి తీశారు. ఏమీ జరక్కపోవడమే రుజువు! రాశాం, రాలేదు. అంటే ఆ దయ్యానికి తెలుగు చదవడం వచ్చు, మాట మీద నిలబడే గుణమూ ఉంది. అక్షరాస్యతలో మనకంటే ముందుంది.

పోనీ, ఎవరికీ నష్టం లేని కాలక్షేపం కదా అంటే ఒప్పుకోలేం. గ్రహణం వదిలేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా చీకటి గదిలో కదలక పడుకున్న గర్భిణిని అడిగితే ఆ కాలక్షేపం ఖరీదెంతో చెబుతుంది. అయినా ఆయన్ని వెలివేయాలనిపించదు. అంతరిక్షంలో మనుషులు ఇల్లు కట్టుకున్నారన్న సంగతి ఎన్నో ఊళ్లకు మొదట మోసుకొచ్చింది ఆయనే. స్కైలాబ్ పేరు పిల్లలకు పెట్టుకునేటంతగా జనం దాన్ని తమదనుకున్నారు. అదే పేపరు మేష్టారింటికీ వచ్చేది, డాక్టరుగారింటికీ వచ్చేది. వాళ్లు లోపలి పేజీలు కూడా చదివి, బాబాయిని చూసి నవ్వుకుని, తలుపేసుకున్నారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు జనం మధ్యకే వచ్చి గ్రహణాలు చూపించాక కొంతమందైనా తలుపులు తీశారు. బాబాయి దగ్గరున్నది సగం నిజమే, కానీ ఆయన దాన్ని టీ కొట్టు దాకా తెచ్చారు. మొత్తం నిజం తెలిసినవాళ్లు గుమ్మం దిగకపోతే ఊరు ఆయన మాటే వింటుంది, ఆ తప్పు ఊరిదీ కాదు, పూర్తిగా ఆయనదీ కాదు.