చెయ్యి ఉచితం!

హస్తకళల మేళాలో ఒకావిడ కలంకారీ చీర మడత విప్పి, "ప్రింటేగా! 800కి ఇచ్చెయ్యి" అంది. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కళాకారుడు గుటకలు మింగాడు.

ప్రింటు కాదు తల్లీ! గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టాలి. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కుండలో రోజుల తరబడి పులిస్తే నలుపు వస్తుంది. వెదురు పుల్లకు చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ ఒక్కో గీతా గీయాలి. ఎరుపు ఎక్కాలంటే పటిక. మధ్య మధ్యలో ఉతుకు, ఎండ, మళ్లీ ఉతుకు.

"అవన్నీ ఎందుకులే, చివరి రేటు చెప్పు."

ఇందాక ఫుడ్ కోర్టులో కాఫీకి 250, ఆపైన జీఎస్టీ కట్టినప్పుడు ఈ ప్రశ్న నోటికి రాలేదు. అక్కడ అడిగితే పరువు పోదూ!

మనవాడూ తక్కువ తినలేదు. ఆయన నోటు పుస్తకంలో గుడ్డ, కరక్కాయ, పటిక, బస్సు చార్జీ... అన్నిటికీ పైసలతో సహా లెక్కుంది. కూలి దగ్గర మాత్రం సున్నా. "నా చెయ్యే కదండీ, కొనుక్కొచ్చానా?" అంటాడు. మూడు వారాలు రంగులద్దిన భార్య చేతికైతే ఆ సున్నా కూడా లేదు. పక్క స్టాల్లో స్క్రీన్ ప్రింటు చీరలకు "కలంకారీ, ఒకటే ధర" అని బోర్డు. అక్కడ బేరమే లేదు, క్యూ ఉంది.

ఎలాగో బేరం తెగింది. డబ్బులిస్తూ ఆవిడ, "కొంగు మీద మా పాప పేరు కూడా రాసివ్వు బాబూ, రెండు గీతలేగా!"

ఆయన కలం తీశాడు.