నిప్పుగూటి మీది దూలము

నేను అమెరికా చెస్ట్‌నట్ జాతి కొయ్యను. పెన్సిల్వేనియా కొండవాలున పెరిగి, పందొమ్మిదవ శతాబ్దమున ఒక రైతు గొడ్డలికి ఒరిగి, అతని పశువుల కొట్టమునకు దూలమునై, అటక మీది యెండుగడ్డి బరువును నూఱేండ్లకు మించి మోసితిని. వెడల్పు వాదర గల గొడ్డలితో నన్ను చెక్కిననాటి గాట్లు నాలుగు ముఖముల మీదను నేటికిని స్పష్టముగ నున్నవి; ఒక కొనయందు కుసి దూర్చిన బెజ్జమును అట్లే యున్నది.

నా జాతి మాట చెప్పక ముందుకు సాగజాలను. 1904లో న్యూయార్కు నగరమున, బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలోని మా వృక్షముల బెరడున ఒక శిలీంధ్రపు తెగులు కానవచ్చెను. దానిని నిలుపుటకై పెన్సిల్వేనియా ప్రభుత్వము 1911లో ప్రత్యేక సంఘమునే నియమించెను. రెండేండ్లకు ఆ సంఘము మూతపడెను గాని తెగులు ఆగలేదు. అర్ధశతాబ్దము గడచునప్పటికి వందలకోట్ల వృక్షములు నశించెను. పాత వేళ్లనుండి నేటికిని పిలకలు లేచుచునే యున్నవి. కాండము కొంచెము లావెక్కునంతలో తెగులు వానిని మరల కూల్చుచున్నది. కావున కొట్టము పడగొట్టిననాడు నన్ను వంటచెఱకుగా చీల్చక దాచినవాడు నా పాలిటి పుణ్యాత్ముడు.

అతడు నన్ను 6 అడుగులకు కోసి, ఒక పాత యిటుకయింటి గృహిణికి విక్రయించెను. ఆ దేశమున చలికాలమునకై గోడలో నిప్పుగూడు కట్టుకొందురు. దాని నెత్తిన అడ్డముగ నమర్చు దూలమును మాంటెల్ అందురు. ఆ మాటకు మూలమున పైవస్త్రమని యర్థము.

మొదట వచ్చిన పనివాడు తొందరపాటు మనిషి. ఇటుక కంటె సున్నము మెత్తన గదా యని, శతాబ్దము నాటి సున్నపు సందులలో రంధ్రములు తొలిచి, మరలతో ఇనుప పట్టీ బిగించి, 36 కిలోల నన్ను దానిపై మోపెను. అదియు నిప్పుగూటి నోటికి 9 అంగుళముల యెత్తుననే. మాసము తిరుగకమునుపే సున్నము పొడియై రాలి, నా యెడమకొన క్రుంగగా, నా మీద నుంచిన ఆమె తల్లి ఛాయాచిత్రము జారిపడి అద్దము పగిలెను. ఆ చప్పుడు నాకిప్పటికిని మఱపు రాదు.

పిమ్మట వచ్చిన వృద్ధ వడ్రంగి ముందుగా కొలత తీసెను. నిప్పుగూటి నోటికి 6 అంగుళములలోపల కొయ్య యుండనే రాదనియు, 12 అంగుళముల లోపలనున్నచో ప్రతి అంగుళపు దూరమునకు అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రమే ముందుకు రావచ్చుననియు అక్కడి గృహనిర్మాణ నియమము. 9 అంగుళముల యెత్తున అంగుళమునకు పైని ఎనిమిదవ వంతు మాత్రమే చెల్లును. నేనో, 8 అంగుళములు ముందుకు వచ్చినదానను! అతడు నన్ను 14 అంగుళముల యెత్తునకు జరిపెను. రసమట్టముతో గీత గీసి, సున్నపు సందులను విడిచి, గట్టి యిటుకల నడుమనే నాలుగు రంధ్రములు తొలిచెను. వెనుక పొగదారి యున్నది గనుక 4 అంగుళములకు మించి లోనికి పోలేదు. లోపలి దుమ్మును మాటిమాటికి ఊది, కుంచెతో తుడిచెను. దుమ్ము మిగిలినచో జిగురు పట్టు దుమ్మునకే గాని యిటుకకు కాదు గదా. అటుపై ఎపాక్సీ నింపి, అర అంగుళపు ఉక్కు చువ్వలను నిలిపి, ఆ జిగురు గట్టిపడుటకు ఒక దినమంతయు వేచెను. చువ్వల స్థానములను అట్టమీద గుర్తించి, ఆ గుర్తులనే నా వీపునకు దించి, బెజ్జములు వేసెను. మరునాడు ఇరువురు నన్నెత్తి త్రోయగా, చువ్వలు నాలో కుసివలె కూర్చుండెను.

ఆ రాత్రి గృహిణి మంట వేసినది. గంట గడచిన పిదప అరచేతిని నా యడుగున ఆనించి చూచినది, గోరువెచ్చగా నుంటిని.