గ్రహాంతర మర్యాద

1972లో పయొనీర్ 10 వ్యోమనౌకకు అమర్చిన పలకపై నగ్న స్త్రీపురుషుల రేఖాచిత్రాలు చెక్కినందుకు అమెరికాలో కొందరు పత్రికలకు లేఖలు రాసి నొచ్చుకోగా, 1977 నాటి వాయేజర్ నౌకల బంగారు గ్రామఫోను రికార్డులో చేర్చదలచిన నగ్న ఛాయాచిత్రాన్ని నాసా తిరస్కరించి, నీడచిత్రంతో సరిపెట్టింది. వస్త్రమంటే ఏమిటో ఎరుగని, బహుశా దేహానికి ముందువెనుకలే లేని గ్రహాంతర జీవి ఎదుట మానవజాతి మానం ఆ విధంగా దక్కింది. అయితే పల్సార్ల ఆధారంగా, అనగా గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు వెలువరించే నక్షత్రావశేషాల ఆధారంగా, సూర్యుడి చిరునామాను మాత్రం రెండింటిపైనా ఏ దాపరికమూ లేకుండా చెక్కారు. తెలుగుతో సహా 55 భాషల పలకరింపులూ వాయేజర్ రికార్డులో ఉన్నాయి. వినగోరిన అతిథి, నౌకతోపాటే పంపిన సూదిని వాడుకుంటూ, గ్రామఫోనును మాత్రం తానే తయారుచేసుకోవాలి.