దూడ ముందు, ఎద్దు తరవాత

ఫిట్‌నెస్ కోచ్‌ని వినాయకుడి గుడికి పంపకూడదు. అందరూ స్వామిని చూస్తుంటే నేను భక్తుల మోకాళ్ళు చూస్తుంటాను. చెవులు పట్టుకుని గుంజీలు తీస్తారు కదా, అందులో చాలామటుకు గుంజీలు కావు, తలూపడాలు. నడుం దిగదు, మోకాలు వంగదు, మెడ మాత్రం భక్తిగా కిందికీ పైకీ ఆడుతుంది. దిగినవాళ్ళలో కొందరికి మడమలు లేచిపోతాయి. ఇంకొందరి మోకాళ్ళు లోపలికి వాలి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. స్వామి దయామయుడు, అన్నీ లెక్కలో వేసుకుంటాడు. నేను వేసుకోలేను. "ఇక్కడ కూడానా?" అని మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది.

ఈ భక్తులే మర్నాడు జిమ్ముకొస్తారు. "ఎంత బరువు ఎత్తమంటారు సార్?" అన్నదే మొదటి ప్రశ్న. ఏమీ ఎత్తొద్దు, ఈ కర్ర పట్టుకుని కూర్చుని లేవండి అంటే మొహం మాడిపోతుంది. ఇంత ఫీజు కట్టింది కర్ర తిప్పడానికా అని.

ఒకాయన "మాది శ్రీకాకుళం జిల్లా సార్, కరణం మల్లీశ్వరి మా వైపు మనిషే" అన్నాడు, కర్ర అక్కర్లేదనడానికి అదో సర్టిఫికెట్ అయినట్టు. ఆవిడ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన మాట నిజమే. కానీ స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపున నెత్తిమీదికి ఎత్తేటప్పుడు, బార్ ఒంటికి దగ్గరగా రాకుండా ముందుకు పోయిందంటే, ఒంట్లో ఎంత బలమున్నా అది నెత్తిమీద నిలవదు. అందుకే ఆ ఆట నేర్పేవాళ్ళు చేతికి ముందు కర్రే ఇస్తారు. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆయనా ఓపిగ్గా విని, "మరి బార్ ఎప్పుడిస్తారు?" అన్నాడు.

కిందిదాకా కూర్చోలేకపోతే బలం లేదనుకుంటారు. చాలాసార్లు చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది. మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టి చూడాలి. అప్పటిదాకా సగంలో ఆగిన మనిషి హాయిగా దిగాడంటే, అనుమానం ముందు చీలమండ మీదికే పోవాలి. ఇంకో ఉపాయం, చిన్న కెటిల్‌బెల్‌ని గుండెలకి ఆనించి పట్టుకోవడం. ముందువైపు కాస్త బరువుంటే వెనక్కి పడిపోతామన్న భయం తగ్గి, ఛాతీ నిటారుగా ఉంచి దిగుతారు. బరువు చేరిస్తే పని తేలికయ్యే చోటు ఇది. ఈ మాట అనడం ఆలస్యం, శ్రీకాకుళం ఆయన అన్నిటికంటే పెద్ద కెటిల్‌బెల్ వైపు నడిచాడు.

గ్రీకు మల్లుడు మైలో కథ మా వృత్తిలో అందరూ చెప్పేదే. దూడని రోజూ భుజాన మోశాడట, అది ఎద్దయ్యేసరికి ఎద్దునీ మోశాడట. నాకు నచ్చేదేమిటంటే, ఆ దూడ తన తీరికలో తాను పెరిగింది, మైలో తొందరపెట్టలేదు. మనవాళ్ళు మొదటిరోజే ఎద్దు ఎక్కడుందంటారు. పక్క బెంచీ మీద కుర్రాళ్ళు చూస్తున్నారంటే దూడకి అప్పటికప్పుడు కొమ్ములు మొలుస్తాయి. పైగా మన ఒళ్ళు దూడలా ఆగకుండా పెరుగుతూ పోదు. కొన్ని వారాలు బరువు కదలదు, అప్పుడు అదే బరువుతో ఇంకాస్త కిందికి దిగడమే పెరుగుదల. ఇది మాత్రం ఫోటోలో పడదు, అందుకే గిరాకీ లేదు.

నోటుపుస్తకంలో పదిసార్లు అని రాసిచ్చాను కదా అని పదీ చెయ్యక్కర్లేదు. ఏడోదానికి నడుం వంగిపోతే సెట్టు అక్కడితో అయిపోయినట్టే. మిగతా మూడూ కండల కోసం కాదు, కుర్రాళ్ళ కోసం.

శ్రీకాకుళం ఆయన మొత్తానికి కర్రతో కుదురుకున్నాడు. ఆమధ్య ఊళ్ళో పెళ్ళికెళ్ళొచ్చి, "నేలమీద పంక్తి భోజనం సార్! చెయ్యందించబోయినవాణ్ణి వద్దన్నాను, నేనే లేచాను" అన్నాడు గర్వంగా.

"చేతులు నేలమీద ఆన్చకుండానేనా?"

"ఒకటి ఆన్చాను సార్. రెండోదాంట్లో లడ్డూ ఉంది."